రసీదు కంటే ముందు రికార్డు: చేతి యంత్రాల్లో ఫైల్ సిస్టమ్ ఎంపిక

గత వేసవిలో దేవరకొండ దగ్గరి ఒక పాల సేకరణ కేంద్రంలో ఒక మహిళా రైతు చేతిలో చీటీ పట్టుకొని నిలబడి ఉన్నారు. లీటర్లు, వెన్న శాతం, తేదీ అన్నీ అందులో ఉన్నాయి, పదిహేను రోజుల బిల్లులో మాత్రం ఆ పూట లేదు. "చీటీ ఉంది గద సారూ, మిషన్ల లేదంటే నాదేం తప్పు?" అని ఆమె అడిగారు. చీటీ చివరి గీత అచ్చవుతుండగా, లెక్క రాసుకొని చీటీ ఇచ్చే చేతి యంత్రం తెర ఆరిపోయిందని, బ్యాటరీ మార్చి తర్వాతి వారి పాలు తీసుకున్నామని నిర్వాహకుడు చెప్పాడు. యంత్రంలోని మెమరీ కార్డు తీసి చూస్తే అందులో ఉన్నది ఫ్యాట్ (FAT) అనే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను కార్డు మీద అమర్చి గుర్తుపెట్టుకునే ఒక పద్ధతి. ఆ రోజు ఫైల్ పేరు ఉంది, పరిమాణం సున్నా.

ఇందులో వింతేమీ లేదు. ఫ్యాట్‌లో జర్నల్, అంటే చేయబోయే మార్పును ముందే రాసిపెట్టుకునే చిట్టా, ఉండదు. డేటా, ఏ ఫైల్‌కు ఏ చోటు ఇచ్చారో చెప్పే కేటాయింపుల పట్టిక, డైరెక్టరీలోని (ఫైళ్ల జాబితాలోని) పరిమాణం వేర్వేరుగా రాయబడతాయి, మధ్యలో కరెంటు పోతే ఆ మూడూ ఒకదానికొకటి పొసగవు. అందుకే చేతి యంత్రంలో లెక్కలు రాసే మెమరీ భాగానికి ఫ్యాట్ పనికిరాదని ఖండితంగా చెబుతున్నాను. ఏ కంప్యూటర్‌లో పెట్టినా కార్డు తెరుచుకుంటుందని, చిన్న సంస్థకు అదే సౌకర్యమని దాన్ని సమర్థించేవారు అంటారు. ఆ సౌకర్యం నిజమే. కానీ కార్డు తెరిచి చూసేది నెలకొకసారి, బ్యాటరీ దిగిపోయేది రోజూ. లెక్కలను బయటికి తీయడానికి వేరే దారులున్నాయి, పోయిన పూటను తిరిగి తెచ్చే దారి లేదు.

మరి ఏది మేలన్నది ఫ్లాష్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) రకాన్ని బట్టి ఉంటుంది. కంట్రోలర్ (ఫ్లాష్‌ను లోపలి నుంచి నడిపే భాగం) లేని నాండ్ రకం ఫ్లాష్ చిప్పు నేరుగా బోర్డు మీద ఉంటే, యూబీఐ అనే నిర్వహణ పొర మీద నడిచే యూబీఐఎఫ్ఎస్ ఎంచుకోవాలి. నోకియా ఇంజినీర్లు హంగరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన ఈ ఫైల్ సిస్టమ్ 2008లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 2.6.27 వెర్షన్‌లో చేరింది. అంతకు ముందు తరం జేఎఫ్ఎఫ్ఎస్2 మౌంట్ అయ్యేటప్పుడు, అంటే వాడకానికి సిద్ధమయ్యేటప్పుడు, ఫ్లాష్‌ను వెతుక్కుంటూ పోయేది కాబట్టి చిప్పు పెద్దదయ్యేకొద్దీ ఆలస్యం పెరిగేది. యూబీఐఎఫ్ఎస్ ఏది ఎక్కడుందో చెప్పే తన సూచికను ఫ్లాష్ మీదే దాచుకుంటుంది కాబట్టి అలా మొత్తం వెతకనక్కర్లేదు. చెడిన బ్లాకులను పక్కన పెట్టడం, అరుగుదలను అన్ని బ్లాకులకూ పంచడం యూబీఐ పని. ఈఎంఎంసీ (బోర్డుకు అతికి ఉండే మెమరీ), ఎస్డీ కార్డులలో ఆ పనంతా లోపలి కంట్రోలరే చేస్తుంది కాబట్టి అక్కడ ఎక్స్ట్4 గానీ, శాంసంగ్ నుంచి వచ్చి 2013లో లినక్స్ 3.8లో చేరిన ఎఫ్2ఎఫ్ఎస్ గానీ సరిపోతుంది. నా మొగ్గు మాత్రం ఎక్స్ట్4 వైపు. ఏళ్లుగా కోట్ల యంత్రాల్లో నలిగింది, చెడితే బాగుచేసే సాధనాలు పాతవి, నమ్మదగినవి.

అయితే ఎంత మంచి ఫైల్ సిస్టమ్ పెట్టినా పై ప్రోగ్రామ్ అజాగ్రత్తగా ఉంటే ఫలితం లేదు. ప్రోగ్రామ్ "రాశాను" అన్న డేటాను లినక్స్ వెంటనే ఫ్లాష్‌కు పంపదు, సాధారణ అమరికలో అది ముప్పై సెకన్ల దాకా, కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక మెమరీలోనే ఉండవచ్చు. థర్మల్ ప్రింటర్ తల వేడెక్కడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. పాతబడ్డ బ్యాటరీ వోల్టేజీ సరిగ్గా ఆ క్షణంలోనే కుంగుతుంది. అంటే రికార్డు ఇంకా ఫ్లాష్‌కు చేరని సమయమూ, యంత్రం ఆగిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న సమయమూ ఒక్కటే. కాబట్టి ముందు రికార్డు రాసి, ఎఫ్‌సింక్ (డేటాను వెంటనే ఫ్లాష్‌కు చేర్చమనే ఆదేశం) పిలిచి, అది విజయవంతంగా తిరిగివచ్చాకే ప్రింటర్‌కు ఆదేశం ఇవ్వాలి. కొత్త ఫైల్ అయితే దాని డైరెక్టరీకి కూడా ఎఫ్‌సింక్ చేయాలి. ఆ కాస్త ఆలస్యాన్ని వరుసలో నిలబడ్డవారు గమనించరు కూడా.

ఈ క్రమాన్ని అడిగేవారు లేకపోవడమే నా అసలు ఆవేదన. చేతి యంత్రాలు కొనే టెండర్లలో తెర కొలత, మెమరీ, బ్యాటరీ సామర్థ్యం అంకెలతో సహా రాస్తారు. లెక్క ఎలా భద్రమవుతుందో రాయించుకోరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాలకు, ధాన్యానికి, బియ్యానికి, కరెంటు బిల్లుకు ఇప్పుడు చేతి యంత్రం చెప్పిందే సాక్ష్యం. ఆ సాక్ష్యం నిలుస్తుందో లేదో కొనకముందే తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. అరిగిన బ్యాటరీ వేసి, చీటీ అచ్చవుతుండగా రెండు వందల సార్లు దాన్ని ఊడదీసి, చేతికొచ్చిన చీటీలను యంత్రంలోని రికార్డులతో సరిచూడాలి. ఒక్క చీటీకి జోడీ రికార్డు దొరకకపోయినా ఆ యంత్రాన్ని వెనక్కి పంపాలి. ఈ షరతు టెండర్ పత్రంలో ఒక్క పేరా పడుతుంది.

మొన్న మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లాను. యంత్రం అదే, కార్డు అదే. పక్కన గీతల నోటుబుక్కు ఒకటి చేరింది. పాలు పోసిన ప్రతి ఒక్కరూ చీటీ తీసుకున్నాక తమ లీటర్లు అందులో రాయించుకొని, వేలిముద్ర వేసి వెళ్తున్నారు.