సవరణ: 401(కె) చెక్కు మీ పేరున తీసుకుంటే 20 శాతం కోత

అమెరికాలో ఉద్యోగం మారేటప్పుడు 401(కె) (యజమాని ద్వారా నడిచే పదవీ విరమణ పొదుపు పథకం) సొమ్మును చెక్కుగా తీసుకుని, 60 రోజుల్లో ఐఆర్‌ఏలో (సొంతంగా తెరుచుకునే పదవీ విరమణ ఖాతాలో) జమ చేస్తే పన్ను బెడద ఉండదని మొన్న రాశాను. గడువు సరైనదే, కానీ అసలు చిక్కును వదిలేశాను. అది నమ్మి ఎవరైనా ఇప్పటికే చెక్కు కోరి ఉంటారేమోనని మనసు కుదుటపడటం లేదు.

చెక్కు మీ పేరున వస్తే, పథకం వారు 20 శాతాన్ని ఫెడరల్ పన్ను కింద తప్పనిసరిగా పట్టుకుంటారు. వద్దనే వీలు లేదు. మామూలు ఖాతాలో (ముందే పన్ను కట్టిన సొమ్ము దాచే రోత్ ఖాతా కాదు) 50,000 డాలర్లు ఉంటే చేతికి వచ్చేది 40,000. జమ చేయవలసింది మాత్రం పూర్తి 50,000. తక్కువపడిన 10,000 సొంత జేబులోంచి వేయాలి. పట్టుకున్న సొమ్ము రిటర్న్ దాఖలు చేసినప్పుడే లెక్కకు వస్తుంది. వేయలేకపోతే ఆ 10,000 ఆ ఏటి ఆదాయంలో కలుస్తుంది. 59½ ఏళ్లు నిండనివారికి, మినహాయింపు ఏదీ లేకపోతే, అదనంగా మరో 1,000 డాలర్ల పన్ను.

అందుకే సొమ్మును ఐఆర్‌ఏకు నేరుగా బదిలీ చేయమని పథకం వారిని అడగండి. చెక్కు మీ ఇంటికే వచ్చినా ఫర్వాలేదు. దానిమీద ఐఆర్‌ఏ ఖాతా నడిపే సంస్థ పేరు, ‘ఫలానావారి నిమిత్తం’ అని మీ పేరు ఉంటే కోత పడదు.

ఇలా సొమ్ము మార్చడం ఏడాదికి ఒక్కసారే అన్న పరిమితిని కూడా దీనికి పొరపాటున అంటగట్టాను. అది ఒక ఐఆర్‌ఏ సొమ్మును చేతికి తీసుకుని మరో ఐఆర్‌ఏలో వేసేవారికి వర్తించే నియమం.

ఇప్పటికే చెక్కు అందుకున్నవారు అది చేతికి వచ్చిన రోజు నుంచి 60 రోజులు లెక్కపెట్టుకోండి.