పళ్లు తోముకోవడమనే పాత దురాచారం

కంప్యూటర్లు కవిత్వం రాస్తున్న కాలంలో మనిషి ఇంకా పొద్దున్నే లేచి తన పళ్లు తానే తోముకోవడం నాగరికతకే తలవంపులు. 2000లో నానోటెక్నాలజీ పరిశోధకుడు రాబర్ట్ ఫ్రెయిటస్ అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో మనకు పెద్ద ఆశే పెట్టారు. పుక్కిలించే మందులో కంటికి కనిపించని రోబోలు ఉంటాయి. చిగుళ్ల పైనా కిందా గస్తీ తిరిగి, ఇరుక్కున్న తిండిని, చెడ్డ బ్యాక్టీరియాను మట్టుబెడతాయి. మింగేస్తే వాటంతటవే ఆగిపోతాయి. వేగం సెకనుకు ఒకటి నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఎంత పరుగెత్తినా సెంటీమీటరు దాటడానికి పావుగంట పైనే. ఆఫీసు ఫైళ్ల నడక చూసినవాళ్లం, ఆ మాత్రం ఓర్చుకోలేమా?

పాతికేళ్లు గడిచాయి, రోబోల జాడ లేదు. శాస్త్రవేత్తలేమో పన్ను పూడ్చే కాంపోజిట్‌లో 20 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు), అంతకన్నా చిన్న సిలికా, జిర్కోనియా రేణువులు కలిపి, నునుపు ఎక్కువ కాలం నిలుస్తుందని మురిసిపోతున్నారు. పుచ్చాక నునుపెందుకు? చల్లనీళ్లకు జివ్వుమనే పళ్లలో సన్నని గొట్టాలను పూడ్చడానికి పంటిలోని ఖనిజాన్నే పోలిన నానో హైడ్రాక్సీఅపటైట్ రేణువుల పేస్టు తెచ్చారు. పుచ్చును అడ్డుకునే పదార్థంగా జపాన్ దాన్ని 1993లోనే ఆమోదించింది. అయితే ఏం లాభం, తోముకోవలసింది మళ్లీ మనమే!

పైగా ఎక్కడలేని పట్టింపులు. ఆ రేణువులు కడ్డీల్లా ఉంటే సరే, సూదుల్లా ఉంటే పేస్టులో వద్దని ఐరోపా నిపుణుల సంఘం తేల్చింది. నోట్లోకి ఏ మిఠాయి పోతోందో మనమే చూసుకోం, వీళ్లు రేణువు మొన కూడా చూస్తారు.

అసలు తప్పంతా ప్రకృతిది. బరువులో 96 శాతం ఖనిజంతో, నానోమీటర్ల మందం స్ఫటికాలను కట్టలుగా పేర్చి, ఒంట్లోకెల్లా గట్టి పదార్థంగా పంటి పైపొర ఎనామిల్‌ను తయారుచేసింది. తీరా పన్ను బయటికి వచ్చేసరికి దాన్ని కట్టిన కణాలన్నీ మాయం! మరమ్మతుకు మనిషిని పెట్టకుండా ఇల్లు అప్పగించడం ఎక్కడి న్యాయం? చక్కెర తిన్నది మనమే, ఒప్పుకుంటాం. కానీ దాన్ని పులియబెట్టి ఆమ్లం చేసింది బ్యాక్టీరియా కదా! పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరుగుతుందట. అంత సుకుమారం అయితే అంత గట్టిదన్న పేరు దేనికి?

కాబట్టి శాస్త్రలోకానికి మనవి: ఇకనైనా ఆ రోబోలను దించండి. అలాగే, ఆ మందు పుక్కిలించే పని ఎవరు చేస్తారో కూడా ముందే తేల్చండి.