నాలుగు ఉద్యోగాలు, 200 కేబీ

మా బావమరిది, వాడి స్నేహితులు ముగ్గురు కలిసి ఓ కంపెనీ పెట్టారు. ఫైళ్ల సైజు తగ్గించే సాఫ్ట్‌వేర్ వాళ్ల సరుకు. హైటెక్ ఉద్యోగాలు ఇచ్చే కంపెనీలకు ప్రభుత్వం సాయం చేస్తుందని తెలిసిన దగ్గర్నుంచి వాడికి నిద్ర లేదు.

"తైవాన్‌ని చూడు బావా! 1980లో షించులో సైన్స్ పార్కు పెట్టారు. 1987లో చిప్పులు తయారుచేసే టీఎస్‌ఎంసీ కంపెనీ మొదలైతే దాదాపు సగం పెట్టుబడి ప్రభుత్వానిదే. ఇప్పుడు మంచి చిప్పు కావాలంటే అందరూ అక్కడే క్యూ కట్టాలి" అని నాకు క్లాసు పీకి, దరఖాస్తు నింపడానికి కూర్చున్నాడు.

లాగిన్‌కి నా నంబరిచ్చాడు, వాడి ఫోన్లో చార్జింగ్ లేదట. దాంతో ఓటీపీలు చదివే డ్యూటీ నాకు పడింది. "మీ ఆవిష్కరణ పూర్తిగా కొత్తదా?" అని అడిగితే అవునని టిక్ పెట్టాడు. వెంటనే "గత మూడేళ్లలో ఇది ఎక్కడెక్కడ విజయవంతంగా నడిచిందో ఆధారాలు జతచేయండి" అని వచ్చింది. సరే, ఉన్నదేదో జతచేయబోతే ఎర్రక్షరాలు: ఫైలు 200 కేబీ దాటింది.

అప్పుడు చూడాలి వాడి మొహం! సొంత సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక్క నొక్కు నొక్కాడు. ఫైలు 9 కేబీకి దిగింది. ఠీవిగా అప్‌లోడ్ చేశాడు. "ఫైలు 50 కేబీ కంటే తక్కువ ఉండరాదు." పెంచే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర లేదు. తల గోక్కునేలోపు సెషన్ అయిపోయి మళ్లీ మొదటి పేజీకొచ్చి పడ్డాం.

ఇక లాభం లేదని ఆఫీసుకే వెళ్లాం. హెల్ప్‌డెస్క్‌లో ఉన్న పెద్దాయన మా ఫైలును ప్రింటు తీసి, ఆ కాగితాన్నే మళ్లీ స్కాన్ చేశాడు. వంకరగా, ఓ మూల ఆయన బొటనవేలితో సహా, 120 కేబీ వచ్చింది. పోర్టల్ కిమ్మనకుండా తీసుకుంది.

"ఎన్ని ఉద్యోగాలిస్తారు?"

"నాలుగు సార్."

ఆయన జాలిగా చూశాడు. "నాలుగేంటి బాబూ! అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ తయారుచేసే ఫాక్స్‌కాన్ వాళ్లు 2017లో ఏకంగా 13,000 అన్నారు. దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీకి ఒప్పందం రాసుకున్నారు."

"అన్నీ ఇచ్చారా సార్?"

"ఎక్కడ! 2021లో తిరగరాసి 1,454కి దించారు. రాయితీ కూడా 8 కోట్లకు దిగింది. మనుషుల్ని చేర్చుకుంటేనే డబ్బు అని అక్కడి ప్రభుత్వంవాళ్లు ముందే షరతు పెట్టారు కాబట్టి ఆ మేరకు బతికిపోయారు."

ఆ షరతు రాసినవాడికి దండం పెట్టాలి. ఆ ఫ్యాక్టరీ స్థలం కోసం ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లకు మాత్రం అలాంటి షరతేదీ లేదు పాపం.

మావాడు నిజాయితీగా నాలుగే కొట్టించాడు. పోర్టల్ ఒప్పుకోలేదు. కనీసం ఐదుండాలట. పెద్దాయన కళ్లజోడు మీదుగా నావైపు చూశాడు.

"ఈయనెవరు?"

"మా బావ సార్. ఓటీపీలు చదువుతాడు."

"మరి చెప్పవేం! డిజిటల్ అథెంటికేషన్ ఎగ్జిక్యూటివ్. మొత్తం ఐదు."

దరఖాస్తు వెళ్లిపోయింది. నా పేరు పక్కన జీతం గడిలో ఏం రాశారని అడిగితే మా బావమరిది ఇప్పటికీ మాట దాటేస్తున్నాడు.