మార్గరెట్ రివర్ ట్రిప్ ప్లాన్ గారికి డ్రైవరు విన్నపం

మహారాజశ్రీ ఎక్సెల్ షీటు గారి దివ్యసముఖానికి,

పెర్త్ నుంచి మీ డ్రైవరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నా నడుం సంగతి మాత్రం అడక్కండి.

మొదట మీరు ఒక్కరోజు ప్లానుగా పుట్టారు. ఇక్కణ్ణుంచి ద్రాక్షతోటల ఊరు మార్గరెట్ రివర్ దాదాపు 270 కిలోమీటర్లు. రానూ పోనూ ఆరు గంటలు. మిగిలిన కాస్త పొద్దులో బసెల్టన్ జెట్టీ, రెండు గుహలు, నాలుగు వైనరీలు, చీజు, చాక్లెట్లు కుక్కేశారు. సముద్రంలోకి కట్టిన ఆ జెట్టీ ఒక్కటే 1,841 మీటర్ల పొడవు. మా అత్తయ్యగారి మోకాళ్లకు మీలో గడి లేదు. లేక్ కేవ్‌లో 300 పైచిలుకు మెట్లని తెలిశాక ఆవిడ, "నేనిక్కడే కూర్చుంటా నాయనా. లోపల దేవుడుంటే నా పేరు చెప్పి దణ్ణం పెట్టండి" అన్నారు.

తర్వాత మీరు రెండు రోజులకు ఎదిగారు. చూడాల్సినవి రెట్టింపయ్యాయి, నిద్ర సగమైంది. ఈలోగా మా బావమరిది ముచ్చటపడి ఊళ్లను ఎ నుంచి జెడ్ వరకు సర్దాడు. ఇంకేముంది! పొద్దున్నే బసెల్టన్ మీదుగా దక్షిణాన కొసనున్న ఆగస్టా వెళ్లాం. హిందూ, దక్షిణ మహాసముద్రాలు కలిసేచోట లైట్‌హౌస్ ముందు ఫొటో దిగి, బసెల్టన్ చూడ్డానికి 90 కిలోమీటర్లు వెనక్కొచ్చాం. అక్కణ్ణుంచి కౌరమప్‌లో ఫైబర్‌గ్లాస్ ఆవు బొమ్మలు, ఉత్తరాన డన్స్‌బరో, మళ్లీ దక్షిణాన హామెలిన్ బే, మళ్లీ ఉత్తరాన యాలింగప్. కేవ్స్ రోడ్డు మీద అదే ద్రాక్షతోటను మూడోసారి చూసి మామయ్యగారు, "ఇక్కడన్నీ ఒకేలా ఉంటాయేంట్రా?" అన్నారు.

1967లో టామ్ కల్లిటీ అనే గుండె డాక్టరు మార్గరెట్ రివర్‌లో వాస్ ఫెలిక్స్ అనే ద్రాక్షతోట వేశాడు. ఈ ప్రాంతంలో వైన్ వ్యాపారానికి తొలి అడుగు అదే. అక్కడి కాబెర్నే సావిన్యాన్, షార్డొనే రకాల వైన్లకు ఇప్పుడు లోకమంతా పేరు. అంత పేరున్నదాన్ని రుచి చూడ్డానికి మీరిచ్చింది పాతిక నిమిషాలు, పార్కింగుతో కలిపి. అందులోనూ నాకు వాసనే ప్రాప్తం. ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతానికి చేరితే స్టీరింగ్ ముట్టుకోకూడదు. తాగకుండా ఉమ్మేయొచ్చని బకెట్టు చూపించారు. "డబ్బిచ్చి కొన్నది ఉమ్మడమేంటి?" అని మామయ్యగారు నా వాటా కూడా స్వీకరించారు.

భోజనం గడిలో "12:40–1:05, లోకల్ ఫుడ్" అని రాశారు. తోటల్లో మంచి హోటళ్లున్నాయి గానీ, వారాంతంలో ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి. ఆ ముక్క మీలో లేదు. చివరికి హామెలిన్ బే ఒడ్డున, లోతులేని నీళ్లలో స్టింగ్‌రే చేపలు తిరుగుతుంటే, డిక్కీ తెరిచి అత్తయ్యగారి పులిహోర తిన్నాం. ట్రిప్పు మొత్తంలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నది అక్కడే. మీ లెక్కలో అది "ఆలస్యం", ఎర్ర రంగులో.

ఇప్పుడు మీరు ఐదు రోజుల అవతారం ఎత్తారని తెలిసింది. ఐదు రోజులంటే ఒకే ఊళ్లో బస, రోజుకొక తోట, ఒక బీచ్ అనుకున్నాను. చూస్తే పదిహేడు చోట్లు కాస్తా ముప్పై ఒకటయ్యాయి. రాత్రి ఎవరూ చూడకుండా మూడో రోజు గడిలో "ఏమీ లేదు" అని టైపు చేసి పడుకున్నా.

పొద్దున లేచి చూస్తే, "ఏమీ లేదు: 10:00 నుంచి 10:20 వరకు."

ఇట్లు
మీ విధేయుడు,
స్టీరింగ్ పట్టినవాడు