చెల్లని చెక్కుకు పోయే ఓటు: అమెరికా చట్టాల్లో మిగిలిపోయిన బానిసత్వం

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో చెల్లని చెక్కు ఇచ్చి పెద్ద నేరం కింద దోషిగా తేలినవాడు, కలప దొంగిలించినవాడు, భార్య ఉండగానే మరో పెళ్లి చేసుకున్నవాడు శిక్ష మొత్తం అనుభవించి బయటికొచ్చినా జీవితాంతం ఓటు వేయలేడు. గవర్నర్ క్షమాభిక్ష పెట్టాలి, లేదా అతనొక్కడి పేరిట బిల్లు పెట్టి చట్టసభ ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు కూడగట్టాలి. ఓటు పోగొట్టే నేరాలను పేర్కొన్నది ఆ రాష్ట్ర రాజ్యాంగంలోని 241వ సెక్షన్. అందులో 1890 నుంచి 1968 వరకు హత్య లేదు, అత్యాచారమూ లేదు.

ఇది చట్టం రాసినవారి మతిమరుపు కాదు. 1890 నాటికి మిసిసిపీ జనాభాలో సగానికి పైగా నల్లవారే. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు పోరాడిన అంతర్యుద్ధం ముగిశాక వారికి ఓటు వచ్చింది, వారిలోంచి సెనేటర్లు కూడా వచ్చారు. దాన్ని తిరగతోడడానికే ఆ ఏడాది రాజ్యాంగ సభ కూడింది. 134 మంది సభ్యుల్లో నల్లవాడు ఒక్కడు. నల్లవారిని బయటపెట్టడానికే వచ్చామని సభాధ్యక్షుడే దాపరికం లేకుండా ప్రకటించాడు. అయితే జాతి కారణంగా ఓటు నిరాకరించరాదని దేశ రాజ్యాంగం 15వ సవరణ అప్పటికే చెప్పి ఉండడంతో, జాతి అన్న మాట ఎక్కడా రాకుండా పని జరగాలి. రెండు డాలర్ల ఓటు పన్ను పెట్టారు. రాజ్యాంగంలో ఏదో ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి అన్నారు. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది తెల్ల అధికారి. ఆపై నల్లవారు ఎక్కువగా చేస్తారని తాము నమ్మిన నేరాలను ఏరి జాబితాగా కూర్చారు. ఇదంతా నేటి విమర్శకుల ఊహ కాదు. తెల్లవారి మొరటు నేరాల కంటే నల్లవారి చాటుమాటు నేరాలకే ఓటు పోయేలా సభ ఏర్పాటు చేసిందని రాష్ట్ర సుప్రీంకోర్టే 1896 నాటి తీర్పులో, తప్పు పట్టకుండా, రాసిపెట్టింది. ఆ కొత్త రాజ్యాంగాన్ని ప్రజల ఓటుకు పెట్టనే లేదు.

1950లో జాబితా నుంచి ఇళ్లకు కన్నం వేసే నేరాన్ని తీసేశారు. 1968లో హత్యను, అత్యాచారాన్ని చేర్చారు. ఈ రెండు సవరణలతో మొదటి దురుద్దేశం మాసిపోయిందని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2022లో తేల్చింది. ఆ తీర్పును విచారణకు తీసుకోవడానికి దేశ సుప్రీంకోర్టు నిరాకరించగా ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. మిగిలిన ఎనిమిది నేరాలు 1890లో రాసినవి రాసినట్టే ఉన్నాయి. కింద విషం అలాగే ఉంచి పైన నాలుగు చెంబుల మంచినీళ్లు పోస్తే బావి శుభ్రపడిందనడం లాంటి తర్కం ఇది.

నూట అరవై ఏళ్ల కింద పోయిన బానిసత్వాన్ని ఇప్పుడెందుకు తవ్వడం అన్న మాట అమెరికాలోని తెలుగువారి ఇళ్లలోనూ తరచుగా వినిపిస్తుంది. తాతలు చేసినదానికి మనవలు ఎందుకు బాధ్యులన్నది దాని వెనక ఉన్న ప్రశ్న. వారసత్వమంటే మనుషుల మనసుల్లో మిగిలిన ద్వేషమే అనుకుంటే ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ద్వేషం తరం మారేకొద్దీ పలచబడవచ్చు. కానీ బానిసత్వం అసలు మిగిలింది కాగితం మీద. లెక్కపెట్టే పద్ధతిలో, సరిహద్దు గీసే పద్ధతిలో, ఎవరు పౌరుడు ఎవరు కాడు అన్న నిర్వచనంలో అది ఉంది. దాన్ని అమలు చేసే గుమాస్తాకు ఎవరి మీదా ద్వేషం ఉండనక్కర్లేదు.

నల్లవారి మీద ఏవగింపు ఉండబట్టి బానిసత్వం పుట్టిందనుకోవడం కూడా చాలావరకు తలకిందులే. ఇంగ్లండ్ ఆచారం ప్రకారం బిడ్డ స్థితి తండ్రిని బట్టి ఉండేది. 1662లో వర్జీనియా వలస రాజ్యం దాన్ని తిప్పి, బిడ్డ బానిసో స్వతంత్రుడో తల్లి స్థితిని బట్టే తేలుతుందని చట్టం చేసింది. దాంతో యజమాని తన బానిస స్త్రీకి కన్న బిడ్డ అతనికి వారసుడు కాకుండా ఆస్తి అయ్యాడు. పుట్టుకతోనే మనిషి తక్కువవాడన్న సిద్ధాంతం ఈ ఆస్తి లెక్కను సమర్థించుకోవడానికి అక్కరకు వచ్చి, లెక్క పోయాక కూడా నిలబడింది.

1787 నాటి దేశ రాజ్యాంగం ప్రతినిధుల సభలో సీట్లు పంచడానికి ఒక్కో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టింది. ఓటు లేని మనుషుల తలలు వారి యజమానుల రాజకీయ బలంగా మారాయి. అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఎన్నుకుంటే బానిసలకు ఓటు లేని దక్షిణాదికి నష్టమని, తర్వాత తానే అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ ఆ రాజ్యాంగాన్ని రాసిన సభలోనే అన్నాడు. చివరికి వచ్చిన ఎలక్టొరల్ కాలేజీ, అంటే రాష్ట్రాలవారీగా ఎంపికై అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల బృందం, అయిదింట మూడు వంతుల లెక్కనే అరువు తెచ్చుకుంది. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు వర్జీనియాకు చెందిన బానిస యజమానులే అధ్యక్షులుగా ఉండడంలో ఈ లెక్క పాత్ర చిన్నది కాదు. అంతర్యుద్ధంతో ఆ నిబంధన పోయింది, ఎలక్టొరల్ కాలేజీ ఉండిపోయింది. నేటి జనగణనలో ఖైదీని అతని సొంత ఊళ్లో కాక జైలున్న చోట లెక్కిస్తారు. రెండు రాష్ట్రాల్లో తప్ప నేరం రుజువై జైల్లో ఉన్నవాడికి ఓటు లేదు, అయినా అతని తల జైలున్న పల్లె నియోజకవర్గపు బరువు పెంచుతుంది. కొన్ని రాష్ట్రాలు ఈ పద్ధతిని మార్చుకున్నాయి, చాలా రాష్ట్రాలు మార్చుకోలేదు.

1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనే, నేరానికి శిక్షగా అయితే తప్ప, అన్న మినహాయింపు ఉంది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందును వెంటనే పట్టుకున్నాయి. పనీపాటా లేకుండా తిరగడమే నేరమన్నాయి. పట్టుబడినవారిని గనులకు, తోటలకు అద్దెకు ఇచ్చాయి. తెలుగులో దీనికి సరిపోయే మాట వెట్టి. లూసియానా రాష్ట్ర కారాగారాన్ని జనం అంగోలా అంటారు. దాదాపు 18,000 ఎకరాల ఆ ప్రాంగణం ఒకప్పటి బానిస తోటల నేల, పేరు కూడా ఆ తోటదే. అక్కడి ఖైదీల్లో ఎక్కువమంది నల్లవారు. వారు గంటకు కొన్ని సెంట్ల కూలికి, కొన్ని పనుల్లో అదీ లేకుండా, పొలంలో పనిచేస్తారు, తుపాకీ పట్టుకున్న కాపలాదారు గుర్రం మీద ఉంటాడు.

అలబామా మధ్యలో బ్లాక్ బెల్ట్ అనే ప్రాంతం ఉంది. ఆ పేరు మొదట వచ్చింది మనుషుల రంగును బట్టి కాదు, నేల రంగును బట్టి. మన నల్లరేగడిలాగే అదీ పత్తికి పెట్టింది పేరైన నేల. పత్తి పండింది కనుక బానిసలను తెచ్చారు, వారి సంతతి అక్కడే మిగిలింది, నేటి ఎన్నికల పటంలో డెమొక్రాట్లకు ఓటేసే కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఆ నల్ల నేల వెంబడే చారలా కనిపిస్తాయి. రాష్ట్ర జనాభాలో నల్లవారు 27 శాతం. 2021లో చట్టసభ గీసిన ఏడు పార్లమెంటు నియోజకవర్గాల్లో వారు మెజారిటీగా ఉన్నది ఒక్కటే. ఆ పటం 1965 నాటి ఓటు హక్కు చట్టానికి విరుద్ధమై ఉండవచ్చన్న కింది కోర్టు నిర్ణయాన్ని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. అయినా చట్టసభ రెండోసారి కూడా ఒకే నల్ల మెజారిటీ నియోజకవర్గంతో పటం గీసి పంపింది. చివరికి కోర్టే వేరే పటం ఖరారు చేయగా, 2024 నవంబరులో ఆ పటం కింద మరో నియోజకవర్గంలోనూ నల్లజాతి అభ్యర్థి గెలిచాడు.

ఇదే దక్షిణాదిలో తెల్లవారి సంగతీ చూడాలి. ముగ్గురు రాజనీతి శాస్త్రజ్ఞులు 1860 నాటి కౌంటీలవారీ బానిసల సంఖ్యను నేటి సర్వేలతో పోల్చి 2016లో ప్రచురించారు. బానిసలు ఎక్కువగా ఉన్న కౌంటీల్లోని తెల్లవారు ఈనాటికీ రిపబ్లికన్ పార్టీ వైపు ఎక్కువగా మొగ్గుతున్నారని, నల్లవారి పట్ల అసహనం కూడా అక్కడే ఎక్కువని తేలింది. నాకు ఇందులో అన్నిటికంటే ఆలోచింపజేసింది ట్రాక్టర్ సంగతి. యంత్రాలు ముందుగా వచ్చి చవక కూలీల అవసరం తగ్గిన చోట ఈ ప్రభావం బలహీనంగా ఉంది. అంటే కూలి పెరగకుండా అణచిపెట్టాల్సిన అవసరమే అక్కడి భావాలను తరం నుంచి తరానికి మోసిందన్నమాట.

అన్నిటికీ ఇదొక్కటే కారణమని చెప్పడం లేదు. మిసిసిపీ జాబితా వల్ల ఓటు పోయిన పేద తెల్లవారూ ఉన్నారు. ఒకరి కోసం తవ్విన గోతిలో మరొకరు కూడా పడతారు, దానివల్ల గొయ్యి ఎవరి కోసం తవ్వారన్నది మారదు.

తెలుగువారికి ఇందులో ఏం పని అనుకోవచ్చు. బయటి దేశాల నుంచి వచ్చినవారిలో స్వేచ్ఛ గల తెల్లవారికే పౌరసత్వం అని 1790 చట్టం అంది. 1870లో ఆఫ్రికా సంతతికీ విస్తరించిన ఆ చట్టం కిందే, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ తాను అగ్రకుల ఆర్యుణ్ణి కనుక తెల్లవాడినేనని వాదించి 1923లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. కులం గొప్ప అక్కడ చెల్లలేదు. దేశాలవారీ కోటాలను ఎత్తేసి మన డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపు తెరిచిన వలస చట్టం 1965 అక్టోబరులో వచ్చింది. అది నల్లవారి పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన గాలిలో, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకే వచ్చింది.

నల్లవారు ఎన్నటికీ పౌరులు కాలేరని 1857లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తుడిచేయడానికి 1868లో 14వ సవరణ తెచ్చారు. అమెరికా గడ్డ మీద పుట్టి, ఆ దేశ అధికార పరిధిలో ఉన్నవారంతా పౌరులేనన్న ఆ వాక్యం విడుదలైన బానిసల బిడ్డల కోసం రాసింది. హెచ్‌-1బీ వీసా మీద ఉన్న తెలుగు దంపతుల బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు వస్తున్నది కూడా ఆ వాక్యం వల్లే. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఆదేశం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే, అక్కడ పుట్టినా ఆ బిడ్డ పౌరుడు కాడంది. ముప్పై రోజుల తర్వాత పుట్టేవారికి వర్తిస్తుందనడంతో, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడ్డ మన కుటుంబాల్లో కాన్పు తేదీల లెక్కలు మొదలయ్యాయి. కోర్టులు అప్పటికి ఆ ఆదేశాన్ని నిలిపేశాయి. వీసా మీద ఉండడం, బానిసగా ఉండడం ఒకటి కావు, పోల్చడం కూడా తప్పే. అయితే బిడ్డ ఎవరన్నది పుట్టిన గడ్డను బట్టి తేలాలా, కన్నవారి కాగితాలను బట్టి తేలాలా అన్న ప్రశ్న మాత్రం 1662లో వర్జీనియా తేల్చిన ప్రశ్నే.