సంతకానికి ముందు ఆ కాగితం చదవండి

అమెరికాలో ట్రక్కు కంపెనీ ‘ఉచితంగా’ సీడీఎల్ (ట్రక్కుల్లాంటి పెద్ద బండ్లు నడిపే లైసెన్సు) శిక్షణ ఇస్తుంటే కళ్లు మూసుకుని చేరిపోవచ్చని కొందరు రాస్తుంటారు. ఫీజుకు డబ్బు లేనివాళ్లకు మంచి దారే, కాదనను. కానీ దానికి బదులుగా మామూలుగా ఏడాది పాటు అక్కడే పనిచేస్తామని ఒప్పందం రాయించుకుంటారు. మధ్యలో మానేస్తే ఫీజు కట్టాల్సిందే. మరి టెస్ట్ ఫెయిలైతే? కంపెనీయే తీసేస్తే? కాగితంలో ముందు చూడాల్సింది అదే.

2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తవాళ్లు ఫెడరల్ రిజిస్ట్రీలో, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థల జాబితాలో, ఉన్న చోటే నేర్చుకోవాలి. అయితే కనీసం ఇన్ని గంటలు స్టీరింగ్ ఇవ్వాలన్న ఫెడరల్ రూల్ లేదు. అందుకే ఒక్కో ట్రక్కుకు ఎంతమందిని ఎక్కిస్తారో అడగండి. ఆటోమేటిక్ బండిలో టెస్ట్ ఇస్తే లైసెన్సు మీద ‘ఇ’ ఆంక్ష పడుతుంది, అప్పుడు మాన్యువల్ గేర్ల ట్రక్కు నడపకూడదు. ఇది చాలామందికి తర్వాతే తెలుస్తుంది!

జీతం ఎక్కువగా మైళ్ల లెక్కన. గోడౌన్ దగ్గర లోడు కోసం కూర్చున్నా, డ్యూటీ మొదలైనప్పటి నుంచి లెక్కించే 14 గంటల గడియారం మామూలుగా ఆగదు, అందులో నడపగలిగేది 11 గంటలే. నేనైతే ముందు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఫీజు కనుక్కోమంటాను. ఉద్యోగం పోయినవాళ్లకు ప్రభుత్వ సాయం కూడా దొరకొచ్చు.