అయిదో నెల స్కాన్‌లో లోపం ఉందంటే: ఆ మెసేజ్‌లో ఒక్క మాటా నిజం కాదు

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. కడుపులో బిడ్డకు లోపం ఉందని తేలితే అది తల్లి గ్రహణం పట్టించుకోకపోవడం వల్లేనట. చెబితే టెన్షన్ పడుతుందని, ఆమెకు చెప్పకుండా పెద్దలే నిర్ణయం తీసుకోవాలట. ఒక్క రోజు కూడా ఆగకుండా తీయించేయాలట. ఆపైన ఆ ఊసెత్తకుండా వెంటనే ఇంకో బిడ్డను కనాలట. పంపేవాళ్లు మంచి అనుకునే పంపుతున్నారు. కానీ దీనివల్ల నలిగిపోయేది ఆ తల్లే.

ముందు గ్రహణం సంగతి. బిడ్డ పై పెదవి ఏడో వారానికల్లా అతుక్కుంటుంది. మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం అంతకంటే ముందే, గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అయిదో నెలలో వచ్చిన గ్రహణం ఎప్పుడో అతుక్కున్న పెదవిని ఎలా చీలుస్తుంది? మొర్రికి జన్యువులు, కొన్ని మందులు, పొగ తాగడం, అదుపులో లేని షుగర్ కారణం కావచ్చు. చాలాసార్లు కారణం ఇదీ అని డాక్టర్లు కూడా తేల్చలేరు. "ఆ రోజు కత్తిపీట ముట్టుకున్నావు కదా" అని అత్తగారు ఒక్కసారి అంటే చాలు, ఆ మాట కోడల్ని జన్మంతా తొలుస్తుంది. దయచేసి అనకండి.

చెప్పకూడదనే మాట నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. డాక్టరు ఒడియాలో మాట్లాడతారు, రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. పాతపట్నం నుంచి కాపురానికొచ్చిన అమ్మాయికి రెండూ అందవు. మామగారో మరిదో లోపలికెళ్లి విని వస్తారు. ఆమె బయట బల్ల మీద ఫైలు కవరు అంచు వేళ్లతో నలుపుతూ, వాళ్ల మొహాలు చూస్తూ కూర్చుంటుంది. ఏదో జరిగిందని ఆమెకు అప్పుడే తెలిసిపోతుంది. దాస్తే టెన్షన్ తగ్గదు సరికదా, ఆమె ఒంటరిదైపోతుంది. పైగా 1971 నాటి గర్భస్రావ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీకి గర్భం తీయాలంటే అనుమతి ఇవ్వాల్సింది ఆమే. భర్త సంతకం దానికి బదులు కాదు. అందుకే భార్యాభర్తలిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒడియా వచ్చినవాళ్లు ప్రతి మాటా తెలుగులో చెప్పాలి. ఇది ఖాయమేనా, ఇంకో పరీక్ష కావాలా, బిడ్డ బతుకుతుందా, పుట్టాక వైద్యం ఉందా అని ముందే కాగితం మీద రాసుకుని వెళ్లాలి. ఆ గదిలో ఎవరికైనా బుర్ర పనిచేయదు.

ఇక తొందర. మూడో నెలలో చేసే డబుల్ మార్కర్ అనే రక్తపరీక్షలో 'హై రిస్క్' వస్తే అది అనుమానమే. డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్నాయో లేదో ఉమ్మనీటి పరీక్ష తేలుస్తుంది. స్కాన్‌లో బిడ్డ గుండెలో తెల్ల చుక్క ఒక్కటే కనిపిస్తే చాలాసార్లు అది ఏ జబ్బూ కాదు. మొర్రికి, వంకర పాదానికి మంచి వైద్యం ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద ఉచితంగా చేస్తారు కూడా. తల పైభాగం ఏర్పడని బిడ్డ మాత్రం బతకదు, అది వేరే సంగతి. అన్నిటికీ ఒకే మందు అన్నట్టు "తీయించేయండి" అనడం తప్పు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, తీవ్రమైన లోపమైతే 24 వారాలు దాటినా రాష్ట్ర మెడికల్ బోర్డు అనుమతి ఇవ్వవచ్చు, అదీ అర్జీ అందిన మూడు రోజుల్లో అభిప్రాయం చెప్పాలి. అంటే బరంపురం మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో వెళ్లి రెండో అభిప్రాయం తీసుకునే వ్యవధి ఉంటుంది. వారాల తరబడి నాన్చకుండా వెళ్లాలి, అంతే. అన్నీ విన్నాక కూడా కనాలనుకుంటే అదీ ఆ దంపతుల ఇష్టమే.

మర్చిపొమ్మనడం తేలికే. అయిదో నెలలో గర్భం పోయినా రెండు మూడు రోజులకు పాలు పడతాయి. ఎత్తుకోవడానికి బిడ్డ లేకుండా రొమ్ములు గట్టిపడి సలుపుతుంటే ఆ అమ్మాయి ఎలా మర్చిపోతుంది? ఈ సంగతి డిశ్చార్జికి ముందే ఆమెకు చెప్పి, ఉపశమనానికి ఏం చేయాలో డాక్టర్ని అడగండి. తండ్రిని కూడా ఏడవనివ్వండి. "మగాడివి, ధైర్యంగా ఉండు" అంటే ఆయన భార్య దగ్గర కూడా నోరు విప్పడు.

రెండో బిడ్డకు తొందరపెట్టడంలో ఇంకో నష్టముంది. పోయిన బిడ్డకు పరీక్షలు చేయిస్తే ఆ లోపం మళ్లీ వచ్చే అవకాశం ఎంతో చాలాసార్లు తెలుస్తుంది. వెన్నుపాము లోపం ఒకసారి వచ్చిన తల్లికి మామూలు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ చాలదు. దాదాపు పది రెట్లు, 4 నుంచి 5 మిల్లీగ్రాములు డాక్టరు రాసిస్తారు. అది గర్భం రాకముందే, కనీసం నెల ముందు నుంచి మొదలుపెట్టాలి.